థియేటర్ తలుపు తట్టిన పెద్దాయన

నరసరావుపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. వాటి ముందు బండి పెట్టుకోవడానికే చోటుండదు. ఆ రోజు కూడా పావుగంట తిరిగి, చివరికి ఒక చెప్పుల షాపాయన చూపులు భరిస్తూ ఆయన కొట్టు ముందే పెట్టాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. మూడేళ్లలో ఎక్కడా వాటి ప్రస్తావన రాలేదు.

మా అత్తయ్యకు గాల్ బ్లాడర్లో రాళ్లు. పొద్దున పదింటికి ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినకూడదని, మత్తులో వాంతయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుందని మత్తు డాక్టరు ముందే గట్టిగా చెప్పాడు. నకరికల్లులో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఏమైనా తిన్నారా అని నేను అడిగాను. ఆపరేషన్ థియేటర్ ముందు మా ఆవిడ అడిగింది. లోపల డాక్టరు అడిగాడు. ముగ్గురికీ ఒకటే జవాబు: "మంచినీళ్లు కూడా ముట్టలేదు."

లోపలికి తీసుకెళ్లిన కాసేపటికి నర్సులు పరుగులు పెట్టారు. గుండె ఆగిందని ఒకరు వచ్చి చెప్పారు. మా ఆవిడ నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇరవై ఏళ్లుగా అత్తయ్య నన్ను అల్లుడని కూడా చూడకుండా, సొంత కొడుకును తిట్టినట్టు తిట్టింది. ఆ తిట్లు లేని ఇంటికి ఎలా వెళ్లాలో నాకు తోచలేదు.

నాలుగో నిమిషంలో గుండె మళ్లీ కొట్టుకుంది. ఆపరేషన్ ఆపేశారు. రాళ్లు అలాగే ఉన్నాయి, అత్తయ్య కూడా ఉంది.

సాయంత్రం మత్తు డాక్టరు నా మీద కేకలేశాడు. "మందు పడలేదేమో అనుకున్నాం. పెరుగన్నం తిన్నదని మీ పెద్దాయన చెప్పబట్టి సరిపోయింది. వెంటనే గొట్టం వేసి ఊపిరిదారి శుభ్రం చేశాం. ఆ మాట పొద్దున్నే చెబితే వాయిదా వేసేవాణ్ని కదా."

మాతో పెద్దాయనెవరూ రాలేదు.

నర్సునడిగాను. గుండె ఆగిన ఆ గొడవలో థియేటర్ తలుపు తట్టాడట. పంచె, భుజాన ఎర్ర తువ్వాలు, చెవి మీద బీడీ. "దాన్నడిగితే చెప్పదమ్మా. పొద్దున పెరుగన్నం తిన్నది" అన్నాడట. బీడీ గురించి తిట్టేలోపే లేడట.

మా మామయ్య అచ్చం అలాగే ఉండేవాడు. పోయి మూడేళ్లయింది. పంచె, తువ్వాలు, బీడీ కలిసిన మనుషులు మా వైపు వీధికి నలుగురుంటారు, కాబట్టి అది సాక్ష్యం కాదు. కానీ ఆ తలుపు ముందు బెంచీ మీద కూర్చున్నది మేమిద్దరమే. మా ఎదురుగా ఎవరూ తట్టలేదు. సీసీ కెమెరా ఉంది గానీ అది మందుల కౌంటరునే కాపలా కాస్తుంది.

పెరుగన్నం మాత్రం నిజం. ఖాళీ కడుపుతో గడప దాటకూడదని, మేం లేవకముందే వంటింట్లో నిలబడి తిన్నానని మూడో రోజు అత్తయ్యే బొంగురు గొంతుతో ఒప్పుకుంది. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఆమె కాస్త కోలుకున్నాక మామయ్య సంగతి చెప్పాను. అంతా విని దుప్పటి సర్దుకుంది.

"అంత దూరం వచ్చి, నన్ను ఒక్క మాట పలకరించకుండా పోయాడంటే, అది ఆయనేలే."