గౌరి నోటికి నప్పిన కళ్ళెం

షూటింగుల నుంచి రిటైరైన గౌరి అనే గుర్రాన్ని రెండు నెలల క్రితం కొన్నాను. చెప్పులు తెప్పించుకున్నంత ధీమాగా దానికి ఆన్‌లైన్‌లో కళ్ళెం తెప్పించాను. నోట్లో ఉండే ఇనుప కడ్డీ మరీ సన్నం, పైగా వెడల్పు ఎక్కువ. అటూ ఇటూ జారి పెదాల మూలలు పుండ్లు పడ్డాయి. సరైన కడ్డీ దొరక్కపోతే ఇక స్వారీ మానుకోమని పశువుల డాక్టరు ఖరాఖండిగా చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. పుండ్లు మానిన మొదటి ఆదివారమే, సరైన కడ్డీ కోసం గౌరి ఉండే పాకకి బయల్దేరాను.

మధురానగర్‌లో రెండింటికి మెట్రో ఎక్కితే కాసేపటికే చెక్‌పోస్ట్ స్టేషన్. అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్ గుట్టకి ఆటో నూట ఇరవై. పాత సెట్టు పక్కన గుర్రాల పాక దగ్గర ఆపమనగానే డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "గాడ ఎవ్వలుండరు గద మేడం. జర పొద్దుండంగనే ఎల్లిపోండ్రి," అన్నాడు.

పాకలో గౌరిని చూసుకునేది యాదయ్య. దానికి సినిమా విద్యలు నేర్పింది అతని అన్న నర్సింలు. ఆయన పోయి ఏడాది. ఆయన వాడిన కళ్ళేలు ఇంకా గోడకు వేలాడుతున్నాయి. యాదయ్య గౌరి నోటికి అడ్డంగా తాడు పెట్టి, పెదాల మూలల దగ్గర ముడులేసి కొలత తీశాడు. మొదటి కడ్డీ ఇరుకై మూలలు నొక్కింది. రెండోది కొలతకి సరిపోయినా గౌరి తల విదిలిస్తూనే ఉంది. చివరి మేకుకున్నది నేను అందుకున్నాను. లావుగా, నున్నగా, మధ్యలో కొద్దిగా వంపుతో ఉంది. గౌరి తనంతట తనే నోరు తెరిచింది.

"గది వద్దు మేడం. గది అన్న చేపిచ్చింది," అన్నాడు యాదయ్య.

"నోటికి హాయిగా ఉంది కదండీ!" అని మొండిగా ఎక్కేశాను.

సెట్టు వీధిలో అన్నీ తలుపులే, వెనక ఇళ్ళు లేవు. గాలి కూడా లేదు. నేను పగ్గం కదపకుండానే గౌరి నడిచి, మూడో తలుపు ముందు ఆగి, ముందుకాళ్ళు మడిచింది. భయపడి దూకేశాను. అది పక్కకి ఒరిగి పడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. పొట్ట కదులుతోందో లేదో తెలియలేదు. పిలిచాను, బెల్లం పెట్టాను, "కట్!" అని అరిచాను. చెవైనా కదపలేదు. చంపేశానేమో అనుకున్నాను.

యాదయ్య పరిగెత్తుకొచ్చాడు. "గా లగాం పెడితే చచ్చిపోయిన సీను చేస్తది. మన మాటకు లేవదు మేడం," అంటూ ఫోన్ తీసి, దాచుకున్న నర్సింలు వీడియో పెట్టాడు.

"కట్! లే బిడ్డా, అయిపోయింది."

గౌరి లేచింది. ఫోన్ వైపు చూడలేదు. వీధి చివరి వైపు చూసి ఒకసారి సకిలించి, ఎదురుచూస్తూ నిలబడింది. మేమూ అటే చూశాం. అక్కడ ఎవరూ లేరు.

అదే లావు, అదే వంపుతో కొత్తది చేయించాం. ఇప్పుడు గౌరికి పుండ్లు లేవు, పడిపోవడమూ లేదు. కానీ నోరు మాత్రం తనంతట తాను తెరవదు. హాయి అంటే కొలత ఒక్కటే అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. మీరూ కళ్ళెం కొనేముందు తాడుతో నోరు కొలవండి, పెట్టాక పెదాల మూల ఒక్క ముడత పడితే చాలు. అదే షూటింగు గుర్రమైతే, దాన్ని లేపే గొంతు ఇంకా ఉందో లేదో ముందు అడగండి.