నేను ఎంచిన కుప్పం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలయ్యే కాలంలో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మా హాస్టలు ఆడపిల్లలకు వారమంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక ఎత్తు. పొద్దున్నే రైలెక్కి ఏదో ఒక ఊరు చూసి, సాయంత్రం ఏడుకు గేటు మూసేలోగా తిరిగి రావాలి. ఏ ఊరో తేల్చేది నా గదిలోనే ఉండే మదనపల్లె అమ్మాయి. వాళ్ల నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు గనుక ఆమెను అందరం గార్డక్క అనేవాళ్లం. శనివారం మంచం మీద టైంటేబుల్ పరిచి, "మైసూరు వద్దు. ఆడ సూసేది ఎక్కువ, ఉండే టైము తక్కువ. మద్దూరు పోదాం, వడలు తిని వచ్చేయొచ్చు" అని తీర్పు చెప్పేది. ఏ బండి ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతుందో పుస్తకం చూడకుండానే చెప్పేది. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. (మాది పుంగనూరు. మా ఊరికి రైలే లేదు. ఉద్యోగానికొచ్చాకే నేను మొదటిసారి రైలెక్కింది.)

మెచ్చుకోలు ముదిరితే పోటీ పుడుతుందేమో, ఒక శనివారం పట్టుబట్టాను. "ఈతూరి నేను సెప్తానక్కా. కుప్పం పోదాం. మన జిల్లానే గదా, నాకంతా తెలుసు." (కుప్పం నేను మ్యాపులో తప్ప చూసింది లేదు.) గార్డక్క నవ్వి పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "సరే పాపా. రేపు రైళ్లన్నీ నీవే. నేను నోరు మెదపను."

కుప్పంలో మా ఇద్దరికీ ఎదురైనవి సంత బీడు, ఎండ, తమిళమూ కన్నడమూ కలిసిన తెలుగు. చూడడానికేముందో నాకే తెలియక బిక్కమొహం వేస్తే, గార్డక్క ఒక పూలమ్మే ఆమెతో మాట కలిపింది. అర్ధగంటలో మేం ఆమె ఇంట్లో రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తింటున్నాం. అడవి పక్క చేలల్లో ఏనుగులు పడిన కథలు ఆమె చెబుతుంటే గార్డక్క కళ్లింత చేసుకుని వింది. "మంచి ఊరు ఎంచినావు పాపా" అంది. నేను పొంగిపోయాను.

ఆ పొంగులోనే మధ్యాహ్నం మూడు దాటాక స్టేషన్‌కొచ్చి, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్న గార్డక్కను చెయ్యి పట్టి లాక్కుపోయి, కదలబోతున్న ప్యాసింజరు ఎక్కించాను. కాసేపటికి ఆమె కిటికీలోంచి చూసి మెల్లగా అంది: "బెంగళూరు పడమరకు గదా ఉండాది. మరి ఎండ వీపుకు కొడతాండాది యాల?" నేను టైంటేబుల్లో బెంగళూరు నుంచి పోయే బండిని బెంగళూరుకు వచ్చే బండి అనుకున్నాను! తరువాతి స్టేషన్ మల్లానూరులో దిగాం. తిరుగు ప్యాసింజరు కోసం రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. "హాస్టలు నుంచి ఒక్క కంప్లైంటు వచ్చినా మూట కట్టుకోని వచ్చేయల్ల" అని మా నాన్న షరతు పెట్టే పంపాడు మరి.

మేం చేరేసరికి ఎనిమిదిన్నర. గేటు దగ్గర వార్డనమ్మ నిలబడి ఉంది. "ఎవరి నిర్వాకం ఇది? వాళ్లింటికి రేపే ఉత్తరం పోతుంది." నేను గార్డక్క వెనక్కి జరిగాను.

"నాదే మేడం" అంది గార్డక్క. "బండి తప్పు సూసుకున్నా."

హాస్టలంతా నవ్వింది. రైళ్ల విషయంలో ఎన్నడూ తప్పని మనిషి, నా కోసం ఆ పేరు పోగొట్టుకుంది. వారానికి వాళ్ల నాన్న దగ్గర నుంచి ఆమెకు జాబు వచ్చింది. నాకే ఇచ్చి చదవమంది. "అమ్మా, నువ్వు అన్నం తినేది మరిచిపోతావేమో గానీ, బండి తప్పు సూసుకునేదానివి కాదు. ఆ తప్పు సూసిన పాప ఎవరో ఒకతూరి పిల్చుకోని రా, నేర్పిస్తా."

ఆమె పడీపడీ నవ్వుతుంటే నేను జాబు పట్టుకుని నేరుగా వార్డనమ్మ దగ్గరికి పోయి నిజం చెప్పేశాను. ఆమె జాబు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, "మీ ఇంటికి ఉత్తరం రాయనులే. ముందు పోయి నేర్చుకో" అంది.

మదనపల్లెకు బస్సులో పోయాం. ఆ పెద్దాయన రెండు రోజులు ఓపిగ్గా నేర్పాడు. తరువాతి శనివారం గార్డక్క టైంటేబుల్ మళ్లీ నా చేతికే ఇచ్చింది. నేను దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి, ఆఖరుకు "నువ్వే సెప్పక్కా" అన్నాను. ఏ ఊరు పోయామో ఇప్పుడు గుర్తులేదు. ఆమె ఎక్కడికంటే అక్కడికి సంచీ సర్దుకుని బయల్దేరిన ఆ పిల్లను, అప్పటి నన్ను, తలుచుకుంటే మాత్రం, ఇన్నేళ్ల తరువాత కాస్త అసూయగా ఉంటుంది.