సీలు పడకముందే పెట్టిన టెస్ట్ సర్వర్

1994లో తెనాలిలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నన్ను సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. బాపట్లలో, రేపల్లెలో మాకు శాఖలుండేవి. మూడుచోట్లా రోగుల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. దాని గురించి ఇప్పటికీ చెప్పుకునే కథ ఏంటంటే, ఆ సాఫ్ట్‌వేర్ రాసిన హైదరాబాదు కంపెనీవాళ్లు తమ తప్పు తామే పట్టుకుని, దిద్ది పంపించారని. శుద్ధ అబద్ధం. దిద్దింది వాళ్లే, కాదనను. పట్టుకున్నది మేము, అదీ వాళ్లు వద్దంటున్నా వినకుండా.

అప్పటి పద్ధతి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రాయడం అయ్యాక దాన్ని ఫ్లాపీలకెక్కించి, మాన్యువల్ జతచేసి, అట్టపెట్టెలో పెట్టి సీలు వేసేవాళ్లు. అదే ప్యాకేజింగ్. సీలు పడ్డాక ఏ చిన్న మార్పు అడిగినా కొత్త వెర్షన్ కిందే లెక్క, మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని ప్యాకేజింగ్ పూర్తికాకముందే మా దగ్గర టెస్ట్ సర్వర్ పెడతానన్నాను. అంటే అసలు రికార్డులతో సంబంధం లేని, పాడైనా పరవాలేదనుకునే వేరే మెషీను.

మా అడ్మినిస్ట్రేటరు గారికి ఇది నచ్చలేదు. "వంట కాకముందే విస్తరేస్తానంటావేంటమ్మా?" అన్నారు.

"విస్తరి కాదండి, ఉప్పు చూస్తానంటున్నా. వడ్డించాక చూసుకుని ఏం లాభమండి?" అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ ఒక పాత మెషీనూ రెండు టెర్మినళ్లూ ఇచ్చారు. స్టోర్సు గదిలో అమర్చుకున్నాను. కంపెనీ ప్రాజెక్ట్ లీడరు మొహం మాడ్చుకుని, ఇంకా పెట్టెకెక్కని సాఫ్ట్‌వేర్ ఉన్న టేపు పట్టుకుని రైలు దిగాడు. పరీక్షకని అతను తెచ్చిన పేర్లు "రోగి ఒకటి, రోగి రెండు". అన్నీ చక్కగా ఎక్కాయి. ఎందుకెక్కవు? ఆ పేర్లవాళ్లు మా ఓపీకి ఏనాడూ రాలేదు మరి!

రేపల్లె శాఖలో రికార్డుల ఇన్‌చార్జి సువార్తమ్మ గారికి ఫోన్ చేశాను. పాత కేసు ఫైళ్ల కట్టలతో బస్సులో దిగిందావిడ. ఆవిడ చదవడం, నేను టైపు చేయడం. ఒకే పల్లె నుంచి వచ్చిన ఇద్దరు వెంకటసుబ్బయ్యల దగ్గర బండి ఆగింది. అన్నదమ్ముల బిడ్డలు, ఇంటిపేరూ ఒకటే. మొదటివాడికి పెన్సిలిన్ పడదని ఫైలు మీద ఎర్రసిరాతో ఉంది, ఎక్కించాను. రెండోవాడికి అలాంటిదేమీ లేదు. అతన్నీ ఎక్కించేసరికి సాఫ్ట్‌వేర్ ఇంటిపేరు, పేరు, ఊరు చూసుకుని, పాతమనిషేననుకుని పాత నంబరే ఇచ్చింది. రెండోవాడి వివరాలు పైన పడి మొదటివాడి పెన్సిలిన్ హెచ్చరిక కాస్తా చెరిగిపోయింది. రేపు మొదటివాడు జ్వరంతో వస్తే, తెర చూసి నర్సు ఆ ఇంజెక్షనే చేస్తుంది.

"ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఒకే పేరువాళ్లు ఇద్దరెందుకుంటారు మేడమ్?" అన్నాడు లీడరు.

"తాత పేరు మనవడికి పెట్టరా బాబూ? ముగ్గురు కొడుకులుంటే మూడిళ్లలోనూ ఆయన పేరే. మీ వైపు తాతలుండరా?" అన్నాను.

సువార్తమ్మ గారు పకపకా నవ్వింది. "ఊళ్లో పెద్ద సుబ్బయ్య, నల్ల సుబ్బయ్య అంటారు నాయనా. నీ డబ్బాకి నలుపు తెలియదుగా!"

తండ్రి పేరు కలుపుదామన్నాడతను. ఆవిడ దానికీ అడ్డొచ్చింది. ఆడపిల్లకి పెళ్లికి ముందు తండ్రి పేరు, తర్వాత భర్త పేరు రాస్తాం, అప్పుడు ఒక్క మనిషి ఇద్దరవుతుందంది. చివరికి నా మాటే నిలిచింది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఎవర్నీ కలపకూడదు. పేరు కలిసినవాళ్లందర్నీ తెరమీద చూపించాలి, గుమస్తా రోగినడిగి తేల్చుకోవాలి.

అడ్మినిస్ట్రేటరు గారు ఆ టెర్మినల్ ముందు కూర్చుని, సుబ్బయ్యలిద్దర్నీ తన చేత్తో ఎక్కించి చూశారు. లేచి హైదరాబాదుకి ఫోన్ చేసి సీలు ఆపించారు. దిద్ది పంపినదాన్ని ఈసారి బాపట్ల ఫైళ్లతో నడిపి, ఒప్పుకున్నాకే పెట్టె కట్టనిచ్చాను. నా ఉద్యోగం అయ్యేవరకు ఆ మూడు ఆస్పత్రుల్లో ఒకరి హెచ్చరిక ఇంకొకరి నంబరులో కలిసిపోలేదు. ఇది గొప్ప కోసం చెప్పుకుంటున్నానంటే, అవును, గొప్పే.

నేను నేర్చుకున్నది ఇంతే. పరీక్ష సీలుకి ముందు జరగాలి, దాన్ని వాడబోయే ఊరి పేర్లతోనే జరగాలి.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. రైలెక్కబోతూ లీడరు నోరు జారాడు, ఇదే తప్పున్న పాత వెర్షన్ అప్పటికే వేరే జిల్లాల్లో రెండు ఆస్పత్రుల్లో నడుస్తోందట. ఆ ఆస్పత్రులకి చెప్పమని కంపెనీకి ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. "చూస్తాం మేడమ్" అన్నారు. అక్కడ ఎవరి హెచ్చరికలు చెరిగిపోయాయో ఒక్కరైనా వెళ్లి చూశారా?