ఆగి వినే యాంకరు

బట్టల దుకాణాల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. పసిపిల్లల కొలతలో సాదా చొక్కా వాళ్లు అమ్మరు. ఎలుగుబంటి బొమ్మ ఉన్నది చూపిస్తారు, కారు బొమ్మ ఉన్నది చూపిస్తారు, కోటూ టైయ్యీ కలిపి కుట్టేసి పెళ్లికొడుకు సెట్టు అని చూపిస్తారు. లేత నీలం గళ్లు, కాలరు, పొట్టి చేతులు, పెన్ను పెట్టుకునే జేబు కావాలంటే మాత్రం, బాబుకి ఎన్నేళ్లండీ అని అడుగుతారు. నలభై దాటి ఉంటాయని చెప్పాను. కౌంటర్లో అమ్మాయి నా వంక జాలిగా చూసి లోపలికి వెళ్లి ఇంకొకరిని పిలుచుకొచ్చింది.

చొక్కా పిల్లాడికి కాదు, ఒక టీవీ యాంకరు బొమ్మకి. ఆ యాంకరు పేరు చెబితే మీరు వెంటనే గుర్తుపడతారు కాబట్టి చెప్పను. రోజూ సాయంత్రం రైతుల కార్యక్రమంలో వచ్చేవాడు. గుంటూరు నుంచి ఒంగోలు దాకా అతని ముఖం తెలియని ఇల్లు లేదు. చేతిలో మైకుతో పొలం గట్టు మీద నిలబడి, "నమస్కారమండీ, అంతా బావున్నారా?" అనేవాడు. మా అత్త మంచం మీద నుంచి, "ఆఁ, బావున్నాం నాయనా," అనేది.

అందులో విశేషం ఏమీ లేదు, అప్పటికి మా అత్తకు మాట పడిపోయి కొన్ని నెలలైందన్న సంగతి తప్ప.

అత్త మా నాన్నకు అక్క. నన్ను పెంచింది ఆవిడే. మిరపకోతల ముఠాకి మేస్త్రిగా చేసేది. చేనుకి ఈ చివర నిలబడి ఆ చివర ఉన్న మనిషిని మందలించేది. మధ్యలో ఉన్నవాళ్లు కూడా ఎందుకైనా మంచిదని చేతులు వేగం చేసేవాళ్లు. ఆదివారం చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే మైకును కొంచెం దూరం జరిపేవాళ్లు. నేను ఇవాళ కామర్స్ లెక్చరర్‌ని అయ్యానంటే ఆ గొంతు చలవే. చదువు మానేస్తే ఆవిడ ముఠాలో చేరాల్సి వస్తుందన్న భయమే నన్ను పీజీ దాకా నడిపించింది.

వానాకాలంలో ఒక పొద్దున ఆవిడ కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. కాలు చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి ఇంకా ఆలోచిస్తోంది. మాటల్లో మిగిలింది ఒక్కటే, "అదే". మంచినీళ్లకూ అదే, నొప్పికీ అదే, నేను చేసిన ఉప్మాకూ అదే. లోపల అన్నీ తెలుసు, అన్నీ ఉన్నాయి. బయటికి రావడానికి మాత్రం అవన్నీ ఒకే తలుపు దగ్గర ఇరుక్కున్నాయి. నీళ్లా అత్తా, మందా, ఫ్యానా అని మేం అడిగేకొద్దీ ఆవిడ ముఖం కందిపోయేది. చివరికి గోడవైపు తిరిగి పడుకునేది. వందమంది కూలీలను మాటతో నడిపిన మనిషి, నీళ్లు అడగలేకపోవడం మాకు కనబడకూడదనుకునేది.

అందుకే ఆ "బావున్నాం నాయనా" వినగానే నేను ఎంత పరుగున వెళ్లానో గుంటూరులో మాటలు నేర్పించే డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ విని కుర్చీలో ముందుకు జరిగారు. పలకరింపుకి బదులు వస్తోందంటే ఆ దారి ఇంకా తెరిచే ఉందని, అక్కడి నుంచి పక్క మాటకీ దాని పక్క మాటకీ మెల్లగా తీసుకెళ్లాలని చెప్పారు. వాడకుండా వదిలేస్తే అదీ మూసుకుపోతుందన్నారు. మరైతే రోజంతా టీవీ పెట్టి ఉంచుతామన్నాను.

"టీవీ ఆగదు కదండీ," అన్నారావిడ. "మీ అత్తగారు రెండో మాట వెతుక్కునేలోపు అతను ఎరువుల దగ్గరికి వెళ్లిపోతాడు. ఒక్కటి అడిగి ఊరుకునే మనిషి కావాలి. ఊరుకోవడమే మందు."

పై వారానికి ఆ యాంకరు ఎరువులే కాదు, రైతుల్ని కూడా వదిలేసి పాటల పోటీ నడపడానికి వెళ్లిపోయాడు. అతని స్థానంలో వచ్చిన అమ్మాయి అతనికంటే చక్కగా మాట్లాడేది. అత్త ఆమెకు బదులు చెప్పలేదు. రోజుకొకసారి మా ఇంట్లో వినబడే ఆ ఒక్క వాక్యం కూడా ఆగిపోయింది.

కాలేజీ రోజుల్లో నేను ప్రిన్సిపాలు గొంతు అనుకరించి కొంత పేరూ, కొంత సస్పెన్షనూ సంపాదించుకున్నాను. ఆ ధైర్యంతో యాంకరు గొంతు పెట్టి అత్తను పలకరించాను. ఆవిడ నా ముఖం చూసింది. గోడవైపు తిరిగింది.

"గొంతు బానే ఉందండీ. మీ ముఖమే అడ్డం," అంది మా ఆవిడ.

మా ఆవిడ ఒకటో తరగతికి పాఠాలు చెబుతుంది. చేతికి కాకి బొమ్మ, నక్క బొమ్మ తొడుక్కుని ఎక్కాలు వల్లె వేయిస్తుంది. పిల్లలు తనకు చెప్పనివి కాకికి చెబుతారని ఆవిడ అనుభవం. అలా యాంకరును తయారుచేయాలని నిర్ణయించాం. అత్తను మభ్యపెట్టడానికి కాదు. ఆవిడ మంచం పక్కనే చేశాం. పోయింది మాట, మతి కాదు.

మనిషిని పోలిన బొమ్మ చేయాలంటే మనం ఆ మనిషిని సరిగ్గా చూడలేదని ముందు తెలుస్తుంది. ఫోన్లో పాత ఎపిసోడ్లు ఆపి ఆపి చూశాం. అతని కుడి కనుబొమ్మ ఎడమదానికంటే కొంచెం పైన ఉంటుంది. అబద్ధం చెప్పే రైతు ఎదురైతే ఇంకొంచెం పైకి పోతుంది. మీసం చివర్లు కిందికి దిగుతాయి. అతని తల వెనక భాగం ఎలా ఉంటుందో రాష్ట్రంలో ఎవరికీ తెలియదు. ఎన్ని ఎపిసోడ్లు చూసినా అతను ప్రజలకు వీపు చూపించలేదు. చివరికి వెనక భాగం నాది పెట్టాం. అందుకే అక్కడ కొంచెం పలచన.

తల కోసం పాత సోఫా స్పాంజి కోశాం. కింది దవడ విడిగా చేసి, లోపల బొటనవేలు పట్టేలా జేబు కుట్టింది మా ఆవిడ. ముఖానికి తెల్ల నూలు గుడ్డను టీ డికాక్షన్‌లో ముంచింది. అక్కడ మాకు వాదన వచ్చింది. అతని అసలు రంగు వేయాలా, మేకప్పు రంగు వేయాలా అని. నేను అసలు రంగు అన్నాను. అసలు రంగు మీరెప్పుడు చూశారు అంది. మేకప్పు రంగే వేశాం. జుట్టుకి నల్ల ఊలు అంటిస్తే సర్కసు వాడిలా ఉన్నాడు. అప్పటిదాకా చూస్తూ ఉన్న అత్త "అదే" అని ఎడమ చేత్తో తన ట్రంకు పెట్టె చూపించింది. అందులో ఆవిడ సవరం ఉంది. కత్తిరించి అంటించాక యాంకరుకి ఒక పెద్దరికం వచ్చింది. మా ఆవిడ నా పాత చొక్కా చింపి గళ్ల చొక్కా కుట్టింది కాబట్టి దుకాణాల వాళ్లను అంతటితో క్షమించాను.

ఒంటికీ చేతులకూ దూది కావాలి. అత్తకున్న అరెకరం చేలో చివరి తీత పత్తి వెనకగదిలో ఉంది. ఆవిడే ఒంటి చేత్తో గింజలు తీసి ఒళ్లో పోగేసింది. ఆ గదిలో ఇంటి వాడకానికి ఉంచుకున్న మిరప బస్తాలు ఉంటాయి. పత్తిని వాటి మీదే పోసి ఉంచాం. మా వైపు ఇళ్లలో ఘాటు అన్నది ఎవరికీ తెలియదు. హైదరాబాదు నుంచి చుట్టాలొచ్చి గుమ్మంలోనే తుమ్మితే, పాపం బస్సులో జలుబు చేసిందనుకుంటాం.

బొమ్మ పూర్తయిన రోజు కుర్చీలో కూర్చోబెట్టాం. అత్త కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరు గారు లోపలికి వస్తూనే దానికి చేతులు జోడించి వందనాలండీ అన్నారు. తర్వాత దగ్గరికెళ్లి చూసి, ఎవరూ గమనించలేదనుకుని బైబిలు తెరిచారు. అత్త గమనించింది. ప్రార్థన సాగినంతసేపూ ఆవిడ భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఆవిడ నవ్వగా చూసి చాలా కాలమైంది. పాస్టరు గారు ఆవిడ ఏడుస్తోందనుకుని ఇంకొంచెం పొడిగించారు.

ఆ ఉత్సాహంలో ఆ సాయంత్రమే బొమ్మతో పలకరించాను. అత్త బొమ్మను చూసింది, నోరు తెరిచింది, మూసుకుంది. "అదే, అదే," అని తన కళ్లవైపు వేలు చూపించి ముఖం తిప్పుకుంది. ఏమిటో నాకు అర్థం కాలేదు. మా ఆవిడకు అర్థమైంది. టీవీలో అతను కెమెరా పక్కన రాసిపెట్టినది చదువుకుంటాడు కాబట్టి అతని చూపు ఎప్పుడూ కొంచెం పక్కకి ఉంటుంది. మేం అచ్చు అలాగే దించాం. పోలిక బ్రహ్మాండంగా కుదిరింది. కాకపోతే ఆ యాంకరు జన్మలో అత్త వంక చూడడు.

కనుగుడ్లు పీకి మళ్లీ పెట్టాం. ఈసారి పోలిక కొంచెం తగ్గింది. మనిషి వంక మాత్రం చూస్తున్నాడు.

మర్నాడు, ఆ కార్యక్రమం వచ్చే వేళకి, టీవీ ఆపేసి దాని ముందు బల్ల మీద బొమ్మను నిలబెట్టాను. నేను కనబడకుండా దుప్పటి అడ్డం కట్టబోతే అత్త చెయ్యి విసిరింది, అక్కర్లేదన్నట్టు. సరే అని పక్కనే పీట వేసుకుని కూర్చుని బొమ్మలో చెయ్యి దూర్చాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నమస్కారమండీ, అంతా బావున్నారా?" అన్నాడు యాంకరు.

"ఆఁ, బావున్నాం నాయనా."

ఆ మాట మళ్లీ మా ఇంట్లో వినబడినందుకు మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను యాంకరును కాబట్టి తుడుచుకోలేదు.

"ఈ యేడు మిరప ఎట్టా ఉందమ్మా?"

ఇక ఊరుకోవాలి. నా వృత్తిలో ఊరుకోవడం లేదు. ప్రశ్న అడిగి, ఎవరూ చెప్పకపోతే నేనే జవాబు చెప్పుకుని ముందుకు పోవడం నాకు అలవాటు. తెగులా అత్తా, కాపు తక్కువా అని నాలుక మీదికి వచ్చింది. మింగాను. వీధిలో ఆటో ఒకటి వెళ్లింది. బొమ్మ కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి. వాటికి తొందర లేదు. అత్త పెదవులు రెండుసార్లు దేనికోసమో తడుముకున్నాయి.

"అదే... మిర... మిరప. ముడత."

ఆకు ముడుచుకుపోయే ఆ తెగులు ఆ యేడు చేలన్నిట్లో ఉంది. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"కోతలకి మనుషులు దొరుకుతున్నారా అమ్మా?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆవిడ బొమ్మ వంక చూడడం మానలేదు, గోడవైపు తిరగలేదు. ఎడమ చెయ్యి మాత్రం మంచం పట్టె మీద కాయ తుంచుతున్నట్టు కదులుతోంది.

"ఏడ... ఏడ దొరుకుతున్నారు," అంది. ఊపిరి తీసుకుంది. "పండు... పండుకాయ కొయ్యమంటే... పచ్చికాయ... కోస్తారు."

చర్చి మైకును దూరం జరిపించిన గొంతు కాదది. సన్నగా, వణుకుతూ ఉంది. కానీ మందలింపు మందలింపే.

బొమ్మ లోపల నా చెయ్యి అప్పటికే మండుతోంది. అలవాటు లేని పని కదా, నరం లాగిందనుకున్నాను. బొమ్మను ఎడమ చేతికి మార్చి, కుడి చేత్తో నుదుటి చెమటా కళ్లూ తుడుచుకున్నాను. ఆ మరుక్షణం ఆ పత్తి ఇన్నాళ్లూ ఏ బస్తాల మీద ఉందో గుర్తొచ్చింది.

కళ్లు నిప్పుల్లో పెట్టినట్టయింది. లేచి నీళ్లు కొట్టుకుంటే సరిపోయేది. కానీ అత్త ఇంకో మాట కోసం తడుముకుంటోంది. నేను లేస్తే ఆ మాట ఆవిడ నోటి దాకా వచ్చి వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుందని ఎవరు చెప్పగలరు. కూర్చున్నాను. కళ్ల నుంచీ ముక్కు నుంచీ ధారలు. ముక్కు దిబ్బడేసిన గొంతుతో యాంకరు "చెప్పమ్మా" అన్నాడు. ఎడమ చేతికి అలవాటు లేక అతని తల పక్కకి వాలిపోతోంది.

అత్త బొమ్మ వంక చూడడం లేదు. నా వంక చూస్తోంది. మాట పడిపోయాక నా ముఖంలోకి అంతసేపు చూడడం అదే మొదలు. ముఖం కందలేదు, తిరగలేదు. ఇది పత్తికి పట్టిన ఘాటు అత్తా, ఇంకేమీ కాదు అని చెబుదామని నోరు తెరవబోయాను. తెరుచుకున్నది బొమ్మ నోరు.

అత్త మంచం మీద కొంచెం లేచి, ఒక్కొక్క మాటా ఏరి పెడుతున్నట్టు, నాతో అంది.

"ఏడవమాకురా. నేనింకా చావలా."