నా కోసం ఆగిన అమ్మ పన్ను

ఈ రోజు అమ్మను గద్వాలలో పళ్ల డాక్టరుకు చూపించాను. పత్తి చేలకు కూలికి పోయే మా అమ్మ, దవడ వాచేదాకా నొప్పి ఓర్చుకుంది.

"ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా?" అన్నారాయన.

"మా బిడ్డ పండ్ల డాక్టర్ చదువుతున్నది సార్. దాంతోనే పీకించుకుందామని ఆగిన."

ఆయన నన్ను ఏ కాలేజీ అని అడిగారు. నీట్ కోచింగునే పండ్ల డాక్టర్ కాలేజీ అని అమ్మకు చెప్పాను మరి. తల ఎత్తకుండానే నిజం చెప్పాను.

"సీటు రాలేదు సార్. బీఎస్సీ అత్తెసరు మార్కులతో పాసైన. నీట్ మల్ల రాస్తున్న."

పన్ను పీకాక నోట్లో దూది పెట్టారు. మా ఊరు ఇటిక్యాలలో బస్సు దిగాక అమ్మ దూది ఉమ్మేసి, "మల్ల పరీక్ష ఎప్పుడు?" అంది.

తిట్టినా బాగుండేది. మీ అబద్ధాలు ఇంట్లో ఎలా బయటపడ్డాయి?