లొరెట్టా టేపు

టెక్సస్‌లోని మా ఊరి వీధికుక్కల షెల్టర్‌లో శుక్రవారంలోగా ఎవరూ పెంచుకోవడానికి తీసుకెళ్లని కుక్కకు ప్రాణం తీసే సూది వేసేస్తారు. వాటిని కాపాడే సంఘానికి లొరెట్టాయే పెద్ద దిక్కు. కుక్కలంటే ఆమెకు ప్రాణం. అందుకే ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వదు. మెడలో టేపు వేసుకుని, అడిగినవాళ్ల ఇంటికే వెళ్లి, వంగి వంగి పెరటి కంచె కొలుస్తుంది.

గురువారం, షెల్టర్‌లోని డ్యూక్ అనే కుక్కను అడిగిన ముసలి డెల్మర్ ఇంట్లో కొలిచి, పెదవి విరిచింది.

"రెండంగుళాలు తక్కువుంది బాబాయ్. రూలు ఆరడుగులు."

"డ్యూక్‌గాడు గుమ్మం మెట్టే ఎక్కలేడు తల్లీ! కంచె ఎలా దూకుతాడు?"

"వాడి క్షేమం కోసమేగా ఇదంతా!"

శుక్రవారం డ్యూక్‌కు సూది పడింది. లొరెట్టా వెక్కి వెక్కి ఏడ్చి, వాడి ఫొటో పక్కన కొవ్వొత్తి బొమ్మ పెట్టి సంఘం పేజీలో రాసింది: "నీకోసం ఒక్కరూ రాలేదురా, బంగారం!"