పడవ పోలయ్య జబ్బు, డాక్టరు గారి క్రిమి

ఈ ఉదయం క్రిములను చంపే కార్బాలిక్ మందు సీసా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకెక్కి, జ్ఞానసుందరం డాక్టరు గారు కళ్ల ముందు నిలబడ్డారు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేని రోజుల్లో ఆయన మిషను ఆసుపత్రిలో డాక్టరు. భర్త పోయాక నేను అక్కడ నర్సుగా చేరాను. నాకు మైక్రోస్కోపు చూడడం నేర్పింది ఆయనే.

ఒకనాడు కొవ్వూరు పడవ నడిపే పోలయ్య తూలుతూ వచ్చాడు. కాళ్లు తిమ్మిరి, ఒక కన్ను మసక. కిందటేడు కూడా ఇలాగే వచ్చి నెలలో తగ్గిపోయిందట. తాగి తూలుతున్నాడని, రేవును వేలంలో పాడుకున్న పాటదారు అతన్ని పనిలోంచి తీసేయబోతున్నాడు. నిజానికి పోలయ్యకు కల్లు వాసనే పడదు. డాక్టరు గారు అతని మాట నమ్మారు. జ్వరాల తర్వాత ఒంట్లో చేరిన క్రిములే నరాలను ఇలా చెడగొడతాయేమోనని పైదేశపు వైద్యులు కొందరు అనుకుంటున్నట్టు ఆయన ఏదో పత్రికలో చదివారు. ఇక పోలయ్య నెత్తురు చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టుకుని కూర్చున్నారు. మూడోనాటికి కొడవలిలా వంగిన నల్లటి క్రిమి కనిపించింది. “ఇతను తాగుబోతు కాడు, ఇతనిలో క్రిమి ఉంది” అని పాటదారుకు చీటీ పంపారు.

దాంతో కొంప మునిగింది. తాగుబోతు పడవ ఎక్కినవాళ్లు క్రిమి ఉన్నవాడి పడవ మాత్రం ఎక్కబోమన్నారు. తాగుబోతన్న పేరే నయమని, దాన్నే తిరిగి ఇప్పించమని పోలయ్య వచ్చి బతిమాలాడు.

నేను మైక్రోస్కోపులో చూస్తే ఏమీ లేదు. ఆయన చూస్తే ఉంది. పక్కన నిలబడి ఆయన కన్నునే చూశాను.

“మీరు రెప్ప వేస్తే అది కదులుతోందా అండీ?”

“కదులుతోంది మార్తమ్మా. బతికే ఉంది.”

“రెప్ప వేయకపోతేనో?”

ఆయన ఈసారి కళ్లలో నీళ్లు తిరిగేదాకా రెప్ప వేయకుండా చూశారు; క్రిమి కదల్లేదు.

మర్నాడు రేవులో అందరి ముందూ నిలబడి, తాను చూసింది తన కనురెప్ప వెంట్రుకేనని ఒప్పుకున్నారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పాటదారు నవ్వాపుకుని అడిగాడు.

“మరి వీడి జబ్బేంటండి?”

“జబ్బు నిజం, తాగుడు కాదు. క్రిమి వల్ల కావచ్చు, కాకపోవచ్చు. నాకు తెలియదండి. తెడ్డు ఇవ్వకండి, పని మాత్రం తీయకండి.”

అంత నవ్వుపాలైన పెద్దమనిషి మాట కాదనలేక, పాటదారు పోలయ్యను గట్టు మీద జనాన్ని కేకేసి పిలిచే పనిలో పెట్టాడు. జబ్బు వస్తూ పోతూ, చివరికి పోకుండా ఉండిపోయింది. గొంతు మాత్రం చెడలేదు.

ఇప్పుడు నేను పెద్ద నర్సును. తనకు ఈ రోగం ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే, తెలియనప్పుడు తెలియదనే చెబుతాను. కొత్త డాక్టర్లు నావైపు జాలిగా చూస్తారు. రోగులు మాత్రం కాస్త దగ్గరికి జరిగి, అంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పడం మొదలుపెడతారు.